‘ఖాళీగా ఉంటారా?’ అని అడిగి మా అమ్మాయికి జబ్బు పేరు పెట్టారు

కావలి,
నెల్లూరు జిల్లా.

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీ ఆన్‌లైన్ ‘వ్యక్తిత్వ రుగ్మతల పరీక్ష’ మా 17 ఏళ్ల అమ్మాయికి ఇచ్చిన రిపోర్టు, దాని కోసం మా ఖాతాలో కోసిన 698 రూపాయల గురించి.

నమస్కారం.

నేను ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మా ఆయన లారీ డ్రైవరు. మా అమ్మాయి ఈ మార్చిలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసింది. ఏప్రిల్ 2న మధ్యాహ్నం, నేను నిద్రపోతున్నప్పుడు, నా ఫోన్‌లో మీ టెస్టు చేసింది. ‘పూర్తిగా ఉచితం’ అని ఉందట. 48 ప్రశ్నలకు జవాబులు పెట్టాక, ఫలితం చూడాలంటే 199 రూపాయలు కట్టమని వచ్చింది. పక్కనే పది నిమిషాల గడియారం వెనక్కి తిరుగుతోంది. అది అయిపోతే ఫలితం పోతుందని రాసి ఉంది. పిల్ల భయపడి యూపీఐలో కట్టేసింది. అప్పుడు వచ్చింది: ‘మీకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ నిర్ధారణ అయింది, 92 శాతం’. అంటే మనసులో భావాలు, మనుషులతో బంధాలు నిలకడగా ఉండని ఒక మానసిక రుగ్మతట. కింద ఇంకో మాట: ‘ఇది జీవితాంతం ఉంటుంది. మీ చుట్టూ ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారు’.

ఇదంతా నాకు వెంటనే తెలియలేదు. రోజూ నా పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టే పిల్ల ఆ పని మానేసింది. స్నేహితురాళ్లు వస్తే తలనొప్పి అని గదిలోంచి బయటికి రాలేదు. మార్కుల టెన్షన్ అనుకున్నాను. ఓ రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చూస్తే దుప్పటి కింద వెలుగు కనబడింది. ఆ రిపోర్టే మళ్లీ చదువుతోంది. ఏందమ్మా అని అడిగితే, ‘అమ్మా, నన్ను హాస్టల్‌కి పంపొద్దు, నాతో ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారంట’ అంది. ఆ మాట ఏ తల్లి వినకూడదు.

నెల్లూరులో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాను. పిల్లతో ఒంటరిగా గంటకు పైగా మాట్లాడారు. తర్వాత నన్ను కూర్చోబెట్టుకుని, చిన్నప్పుడు ఎలా ఉండేది, బడిలో ఎలా ఉండేది, కోపం వస్తే ఏం చేస్తుంది, ఎన్నాళ్లుగా ఇలా ఉంది, అన్నీ అడిగారు. మీరిచ్చిన జబ్బు ఈ పిల్లకు లేదు, పరీక్షల ఒత్తిడి, దాని మీద ఈ రిపోర్టు తెచ్చిపెట్టిన భయం, అంతే అన్నారు. బోర్డర్‌లైన్‌కు తొమ్మిది లక్షణాలు చూస్తారట. అందులో కనీసం ఐదు ఉండాలి. అవి కూడా నాలుగు రోజులు వచ్చిపోయేవి కాకూడదు, ఏళ్ల తరబడి ఇంట్లో, బయట, స్నేహాల్లో, చదువులో అన్నిచోట్లా కనబడాలి. 18 ఏళ్లు నిండనివాళ్లకు ఆ పేరు పెట్టాలంటే కనీసం ఏడాదిపాటు ఆ లక్షణాలు ఉండాలని, అప్పుడు కూడా ఆచితూచి చెప్తామని అన్నారు. మీ టెస్టు మొదటి పేజీలోనే వయసు అడిగింది. పిల్ల 17 అనే పెట్టింది. వయసు తెలిసే మీరు ముందుకు పోనిచ్చారు.

ఇంటికొచ్చాక ఇద్దరం కూర్చుని ఆ 48 ప్రశ్నలూ మళ్లీ చదివాం. ఇది మీరు శ్రద్ధగా చదవాలి. ‘మీరు తరచుగా ఖాళీగా ఉంటారా?’ అని ఒక ప్రశ్న. మా అమ్మాయి ‘ఎప్పుడూ’ అని పెట్టింది. పరీక్షలు అయిపోయి, సెలవుల్లో ఇంట్లో ఉన్న పిల్ల ఇంకేం పెడుతుంది? ఖాళీగా ఉన్నావా అంటే పనేమీ లేదా అని కదా మనకు అర్థం. మనసులో ఏమీ మిగలనట్టు, లోపలంతా వెలితిగా ఎప్పుడూ అనిపిస్తూ ఉండటం గురించి అక్కడ అడగాలని డాక్టరు గారు చెప్తే గానీ నాకూ తెలియలేదు. ఇంకోచోట ‘మీ సంబంధాలు తరచూ చెడిపోతుంటాయా?’ అని ఉంది. మా ఇళ్లల్లో సంబంధాలంటే పెళ్లి సంబంధాలే. మా అక్క కూతురికి రెండు సంబంధాలు తప్పిపోయాయి, ఇంట్లో నాలుగు నెలలుగా అదే మాట. ఆ అమ్మాయిని తలుచుకుని, మా వంశంలో ఇలాగే జరుగుతుందేమోనని ‘అవును’ పెట్టిందట. ‘ఇష్టమైనవాళ్లు మిమ్మల్ని వదిలిపోతారని భయపడతారా?’ అన్నదానికీ ‘ఎప్పుడూ’ అనే పెట్టింది. వాళ్ల నాన్న రాత్రిళ్లు హైవే మీద లారీ నడుపుతాడు. ఫోన్ ఎత్తకపోతే మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు. ఆ భయానికి మీరు మార్కులు వేశారు.

నేను ఒక జాకెట్టు కుట్టాలన్నా ఆది జాకెట్టు అడుగుతాను, అదీ సరిపోదనిపిస్తే మనిషిని నిలబెట్టి కొలుస్తాను. మీరు మనిషిని చూడలేదు, ఒక్క మాట మాట్లాడలేదు, తెలుగు తెలిసినవాళ్ల చేత ప్రశ్నలు చదివించినట్టు కూడా లేదు.

ఆ జబ్బు ఉండటం తప్పని నేను అనడం లేదు. నిజంగా ఆ బాధ పడుతున్న పిల్లలుంటారు. ఇలాంటి టెస్టు చూసి ధైర్యం చేసి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉంటారు, వాళ్లకు మేలే. కానీ వాళ్లకు కూడా ‘జీవితాంతం ఉంటుంది’ అని అబద్ధం చెప్పి పంపిస్తున్నారు. దీనికి చికిత్స ఉందని, చాలామంది ఏళ్లు గడిచేకొద్దీ బాగుపడతారని డాక్టరు గారు చెప్పారు. మార్షా లినెహన్ అనే అమెరికా సైకాలజిస్టు ఈ రోగుల కోసమే ఒక చికిత్స తయారు చేశారట. ఆవిడే 17 ఏళ్ల వయసులో మానసిక ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిందని 2011లో స్వయంగా చెప్పుకున్నారట. అది విన్నాక మా అమ్మాయి ముఖంలో కొంచెం తేట కనబడింది. మీ రిపోర్టులో అలాంటి మాట ఒక్కటి లేదు. పైగా ‘మీ రుగ్మత ముదరకముందే మా కోర్సులో చేరండి’ అని రోజూ నా ఫోన్‌కి నోటిఫికేషన్లు పంపారు.

ఇక డబ్బు. మే 2న ఇంకో 499 రూపాయలు కట్ అయ్యాయని బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఆ 199 కట్టినప్పుడే నెలనెలా ఆటోపేకి ఒప్పుకున్నట్టు మీరు పెట్టుకున్నారు. అది ఎక్కడ రాసి ఉందో పిల్లకూ కనబడలేదు, తర్వాత వెతికిన నాకూ కనబడలేదు. ఇలా గడియారం పెట్టి తొందరపెట్టడం, తెలియకుండా చందా వలలో వేయడం కుదరదని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 18 ఏళ్లు నిండని పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్తోంది. నన్ను ఎవరూ అడగలేదు.

మా 698 రూపాయలు వెనక్కి ఇవ్వండి, ఆటోపే ఆపండి. మా అమ్మాయి పెట్టిన జవాబులు, ఆ రిపోర్టు మీ దగ్గర పూర్తిగా తీసేయండి. వాటిని ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే ఎవరికిచ్చారో చెప్పండి. ‘నిర్ధారణ’ అనే మాట తీసేసి, ఇది డాక్టరు పరీక్ష కాదని ప్రశ్నలు మొదలుకాకముందే పెద్ద అక్షరాల్లో రాయండి. ఫలితం పక్కన డబ్బు కట్టే బటన్ కాదు, మానసిక బాధలో ఉన్నవాళ్లతో ఫోన్‌లో మాట్లాడే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 పెట్టండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మా అమ్మాయి ఆ రాత్రి రెండింటికి ఆ నంబరు చూసి ఉంటే ఒంటరిగా ఏడ్చేది కాదు. తెలుగు ప్రశ్నలను మానసిక వైద్యం తెలిసిన తెలుగువాళ్ల చేత సరిచేయించేదాకా ఆ టెస్టు ఆపండి.

ఆన్‌లైన్ అమ్మకాల నియమాల ప్రకారం 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందినట్టు మీరు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడతాను, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బ్యాంకు మెసేజ్‌లు, రిపోర్టు స్క్రీన్‌షాట్లు, డాక్టరు చీటీ జత చేశాను.

మా అమ్మాయి జూన్‌లో హాస్టల్‌కి వెళ్లాలి. ఇప్పుడు వెళ్తానంటోంది, కానీ పెట్టె సర్దుకుంటూ మధ్యలో ఆగిపోతోంది. ఆ రిపోర్టు తప్పని, దాన్ని తీసేశామని మీ లెటర్‌హెడ్ మీద తెలుగులో రాసి, తను బయలుదేరేలోపు పంపండి. తన చేతిలో పెట్టాలి.

ఇట్లు,
ఆ అమ్మాయి తల్లి
(పేరు, ఫోన్ నంబరు జతపరచిన కాగితంలో ఉన్నాయి)