షుగరు పడిపోతే ఏం చేయాలో చెప్పేవాళ్ళే లేరా?

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14న మధుమేహ దినం పేరుతో మా వైపు జరిగిన ఉచిత శిబిరం వార్త మీ జిల్లా పేజీలో వచ్చి చాలా రోజులైంది. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ సార్వా కోతల హడావిడిలో కుదరలేదు. వేదిక మీద కూర్చున్న వాళ్ళందరి పేర్లూ ఆ వార్తలో వరసగా ఉన్నాయి. షుగరు పెరిగితే కళ్ళు పోతాయని, కిడ్నీలు పాడవుతాయని, కాళ్ళు తీసేయాల్సి వస్తుందని వక్తలు చెప్పిన మాటలూ ఉన్నాయి. అవన్నీ నిజమే. అయితే అక్కడ పంచిన మాత్రల్లో కొన్నింటి వల్ల షుగరు మరీ కిందికి పడిపోయి మనిషి స్పృహ తప్పే ప్రమాదం ఉందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. వరసలో నిలబడి మాత్రలు తెచ్చుకున్న మా ఊరి వాళ్ళని అడిగాను. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అన్నారండి" అన్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదట.

పైగా అది కార్తీక మాసం. మన గోదావరి జిల్లాల్లో కార్తీక సోమవారం వస్తే పెద్దవాళ్ళలో సగం మంది ఉపవాసమే. పంచారామాలకని ఆర్టీసీ వేసే స్పెషల్ బస్సుల్లో రాత్రి బయల్దేరి, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం దర్శనాలన్నీ అయ్యేదాకా పచ్చి గంగ ముట్టని వాళ్ళు కొందరుంటారు. తిండి మానతారు గానీ మాత్ర మానరు. మాత్ర మానితే షుగరు పెరిగిపోతుందని ఏళ్ళ తరబడి చెప్పిన భయం అలాంటిది మరి.

మా వీధిలో డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. మొన్న కార్తీక సోమవారం తెల్లవారకుండానే కాలవలో స్నానం చేసి, దీపం వదిలి, కాసిన్ని కాఫీ నీళ్ళు తాగి, అలవాటు ప్రకారం షుగరు మాత్ర వేసుకున్నారు. చుక్కను చూశాక గాని అన్నం ముట్టరు. మధ్యాహ్నం మూడు గంటల వేళ అరుగు మీద కూర్చుని కోడల్ని తన చెల్లెలి పేరు పెట్టి పిలవడం మొదలెట్టారు. ఒళ్ళంతా ముచ్చెమటలు, జాకెట్టు తడిసి ముద్దయింది, వేళ్ళు వణుకుతున్నాయి. ఉపవాసం నీరసమని ఒకరు, గ్యాసని ఇంకొకరు. సోడా తెచ్చి తాగించారు. ఎదురింటి కుర్రాడు వాళ్ళ నాన్న గ్లూకోమీటరు పట్టుకొచ్చి వేలికి గుచ్చితే 41 చూపించింది. పంచదార నీళ్ళు పట్టారు, తేరుకున్నారు, ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. అర్ధరాత్రి షుగరు మళ్ళీ పడిపోయింది. ఈసారి పిలిచినా పలకలేదు. 108లో తీసుకెళ్ళి నరానికి గ్లూకోజు ఎక్కిస్తే గాని కళ్ళు తెరవలేదు. ఇలాంటి మాత్ర వేసుకున్న మనిషిని ఒకసారి తేరుకోగానే ఇంటికి పంపకూడదట. మందు పని ఇంకా ఒంట్లో నడుస్తూనే ఉంటుంది కాబట్టి రోజంతా కనిపెట్టుకుని ఉండాలని అక్కడి డాక్టరు చెబితే ఆ ఇంటి వాళ్ళకి తెలిసింది. ఏళ్ళుగా ఆ మాత్ర వేసుకుంటున్న మనిషికి ఆ మాట అంతకు ముందు ఒక్కరు కూడా చెప్పలేదు.

70 కంటే తగ్గితే లో షుగర్, 54 కంటే తగ్గితే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ బెడద చాలా తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలతోనూ, ఇన్సులిన్‌తోనూ ఎక్కువ. మనం తిన్నా తినకపోయినా ఈ మాత్రలు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. వయసు మీద పడి తిండి తగ్గిన వాళ్ళకి, కిడ్నీలు నెమ్మదించిన వాళ్ళకి మందు ఒంట్లోంచి పోవడానికి ఇంకా ఎక్కువ టైము పడుతుంది. 60 దాటిన వాళ్ళకి గ్లైబెన్‌క్లమైడ్ తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనే ఉంది. మరి పదేళ్ళ కిందట రాసిన చీటీ పట్టుకెళ్తే అదే మాత్ర, అదే డోసు ఇప్పటికీ మందుల షాపులో ఎలా ఇస్తున్నారు? డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని చట్టం ఉంది. దాన్ని అమలు చేయాల్సిన వాళ్ళు ఏం చేస్తున్నట్టు? నాలుగు మాత్రలు అడిగితే అట్టని కత్తిరించి ఇస్తారు. పేరుండే ముక్క వాళ్ళ దగ్గరే మిగిలిపోతుంది. పూర్తి అట్ట ఇచ్చినా దాని మీద తెలుగు అక్షరం ఒక్కటి కనపడదు. పూర్వం కాంపౌండరు కాగితంలో పొట్లం కట్టి "అన్నం తిన్నాకేనమ్మా" అని నోటితో చెప్పి పంపేవాడు. ఇప్పుడు ఊళ్ళో తిరిగే సిస్టర్లకి వివరాలు యాప్‌లో ఎక్కించడానికే టైము చాలట్లేదు. పాపం వాళ్ళని అనను, వాళ్ళ మీద అంత పని పెట్టిన పై అధికారులని అడుగుతున్నాను.

ఇది ఒక్క ఉపవాసాలప్పుడే వచ్చే బెడద కాదు. కొబ్బరి దింపు తీసేవాళ్ళ సంగతి ఎవరైనా ఆలోచించారా? పొద్దున్నే మాత్ర వేసుకుని ఒక టీ తాగి చెట్టెక్కుతారు. నలభై అడుగుల మీద కళ్ళు బైర్లు కమ్మితే ఏమవుతుంది? గట్టు రోడ్ల మీద బండి నడిపేవాళ్ళదీ అదే పరిస్థితి, ఒక పక్క కాలవే కదా. ఖాళీ కడుపున కల్లో, మందో తాగితే షుగరు ఇంకా పడిపోతుంది. అప్పుడు తూలుతున్న మనిషిని చూసి తాగి పడిపోయాడని అందరూ పక్కకి తప్పుకుంటారు. వరదల్లో లంక గ్రామాల్లో మందులు ఉంటాయి, వేళకి తిండి ఉండదు. 2022 జులై వరదల్లో పడవలే దిక్కైన రోజులు ఎవరం మర్చిపోలేదు.

చెబితే అర్థం కాని విషయాలు కావివి. తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదారో, గ్లూకోజు పొడో నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి, ఆ తర్వాత అన్నం పెట్టాలి. మనవాళ్ళు ముందు బొండం కొడతారు, దాంట్లో అంత తీపి ఉండదు. పూతరేకులూ మిఠాయిలూ పెడతారు, నెయ్యి వల్ల ఆ తీపి రక్తంలోకి నిదానంగా వెళ్తుంది. వోగ్లిబోస్ (తిన్నది అరిగి రక్తంలో చేరడాన్ని నిదానం చేసే మందు) కలిసిన మాత్ర వేసుకునే వాళ్ళకి పంచదార కూడా వెంటనే పని చేయదు, గ్లూకోజు పొడే కావాలి. ఆ ఇళ్ళలో గ్లూకోజు ప్యాకెట్ పెట్టుకోమని మాత్ర రాసిచ్చిన రోజే చెప్పాలా వద్దా? స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఇన్సులిన్ వాళ్ళది ఇంకో టెన్షన్. మన దగ్గర సీసాలు 40 బలంవి (ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు) ఉన్నాయి, 100 బలంవి ఉన్నాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 100 బలం మందుని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. చదువు రాని ముసలివాళ్ళకి సిరంజి చేతికిచ్చే ముందు ఈ తేడా చూపించి, వాళ్ళ చేత ఒకసారి లాగించి చూసే ఓపిక ఉండాలి.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారిని నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఈ మాత్రలు ఇచ్చే ప్రతి కవరు మీద "ఇది వేసుకుని తిండి మానకూడదు" అని తెలుగులో ఒక రబ్బరు స్టాంపు కొట్టించండి. ఉపవాసాల ముందు, శివరాత్రి కానీ రంజాన్ కానీ, నెల ముందే వచ్చి డోసు మార్పించుకోమని ఆశా కార్యకర్తల చేత ఇంటింటికీ చెప్పించండి. సొంతంగా మాత్ర మానేయడం కూడా తప్పేనని అప్పుడే చెప్పాలి. ఊరి సబ్‌సెంటర్లో గ్లూకోమీటరు ఉంటే సరిపోదు, దాంట్లో పెట్టే స్ట్రిప్పులు కూడా ఉండాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఉపవాసం ఉండి, ఎండలో గంటల తరబడి నిలబడే పెద్దవాళ్ళు లక్షల్లో వస్తారు. రాజమండ్రి నుంచి కోటిపల్లి, నరసాపురం దాకా ఘాట్ల దగ్గర పెట్టే వైద్య శిబిరాల సామాను జాబితాలో గ్లూకోమీటర్లు, స్ట్రిప్పులు, గ్లూకోజు ఇప్పుడే రాసుకోవాలి. ఘాట్ల మైకుల్లో తప్పిపోయిన వాళ్ళ పేర్లతో పాటు "షుగరు మాత్ర వేసుకున్న వాళ్ళు ఏదైనా తినండి" అని గంటకోసారి చెప్పించాలి.

— విశ్రాంత ఉపాధ్యాయుడు,
రామచంద్రపురం