పక్క సీటు అన్నగారికి థాంక్స్

దోహా నుంచి డల్లాస్ విమానంలో నా పక్కన కూర్చున్న అన్నగారూ, మీ పేరు తెలియదు, అందుకే ఇలా అందరి ముందూ చెప్పుకుంటున్నాను. నా పాస్‌పోర్ట్ తిరగేసి, "హెచ్-1బి వీసా కంటే పాస్‌పోర్టే ముందు అయిపోతోంది కదమ్మా! ఐ-94 (అమెరికాలో దిగినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) ఆ తేదీ వరకే ఇస్తారేమో, దిగగానే ఆన్‌లైన్‌లో చూసుకో" అని బోర్డింగ్ పాస్ వెనక వెబ్‌సైట్ పేరు కూడా రాసిచ్చారు. మీరన్నట్టే పడింది. అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో తేల్చేది వీసా స్టాంపు కాదు, ఆ ఐ-94 తేదీ అని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు (లాయర్ల మెయిళ్లలో ఉందేమో, అంత పొడుగువి చదివేదెవరు!). కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నాను, గడువు దాటకముందే కంపెనీ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసింది. టెన్షన్ తీరింది. మీకు రుణపడి ఉంటాను అన్నగారూ.