‘రెగ్యులరా, ఓపెనా?’ అని అడగడం ఇకనైనా ఆపాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక పుస్తకం పట్టినదాన్ని నేను. పదో తరగతి కాగానే పెళ్లి చేశారు, చాలా ఏళ్ల తర్వాత ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టి పాసయ్యాను, ఆ తర్వాత అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ పూర్తి చేశాను. ఈమధ్య ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పనికి మనిషి కావాలంటే వెళ్లాను. అక్కడాయన అడిగిన మొదటి మాట ‘రెగ్యులరా, ఓపెనా?’ రోజూ కాలేజీకి వెళ్లి చదివిందా, దూరవిద్యలో చదివిందా అని. ఓపెన్ అనగానే ఫైలు వెనక్కి ఇచ్చేశారు, మార్కుల మెమో తెరిచి కూడా చూడలేదు.

గుర్తింపు ఉన్న సంస్థలు దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీలు మామూలు కాలేజీ డిగ్రీలతో సమానమేనని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2022 సెప్టెంబరులోనే చెప్పింది. ఉద్యోగం ఎవరికివ్వాలో వాళ్లిష్టం, కాదనను. కానీ మాది అసలు డిగ్రీయే కాదన్నట్టు మాట్లాడితే ఎలా? అసలు దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ నేను చదివిన ఈ అంబేడ్కర్ యూనివర్సిటీయే, 1982లో అది పుట్టింది మన దగ్గరే, కేంద్రం పెట్టిన ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో వచ్చింది 1985లో, రెండింటికీ మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే. ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం.

ఇంకో మాట కూడా వింటుంటాం, ఈ వయసులో బీఏ దేనికి, ఏదైనా కంప్యూటర్ కోర్సు చేసుకోరాదా అని. కంప్యూటర్ నేర్చుకోవద్దని కాదు, నేనూ నేర్చుకున్నాను. అయితే చరిత్ర పుస్తకంలో నిజాం కాలపు వెట్టిచాకిరీ పాఠం గట్టిగా చదువుకుంటుంటే పక్కన బియ్యం ఏరుతున్న మా అత్తమ్మ చెయ్యి ఆపి, ‘దొర ఇంట్ల పెండ్లయితే మా నాయిన కుండలన్నీ ఊకెనే మోసిండు, పైస ఇయ్యలే’ అంది. ఇన్నేళ్లలో ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదామె. ఎవరూ అడగలేదు మరి. ఆదివారం క్లాసులో నేనిది చెబితే, ఆర్టీసీలో కండక్టరుగా చేసే ఒకాయన వాళ్ల తాత పడ్డ తిప్పలు చెప్పుకొచ్చాడు, సారు కూడా పాఠం ఆపి విన్నారు. ఇల్లు, సంసారం, పన్నులు, ఎలక్షన్లు అన్నీ చూసినవాళ్లు రాజనీతి శాస్త్రం, సమాజశాస్త్రం చదివితే ప్రతి పేజీకీ వాళ్ల దగ్గర ఒక ఉదాహరణ ఉంటుంది. పద్దెనిమిదేళ్లప్పుడు నాకు ఆ పుస్తకాలు ఇంతగా అర్థమయ్యేవి కావని గట్టిగా నమ్ముతాను. పగలంతా పని చేసి, వంటిల్లు సర్దుకుని, అందరూ పడుకున్నాక చదివి రాసిన పరీక్షలవి. పరీక్షలప్పుడు సెలవు దొరక్క ఎంత టెన్షన్ పడతారో మాతో చదివినవాళ్లని అడగండి, కొందరు జీతం కోయించుకుని మరీ వచ్చి రాశారు.

మీ విద్యా పేజీలో ఇంజనీరింగ్ ర్యాంకులు, విదేశీ చదువులే ఎక్కువగా కనిపిస్తాయి. యూజీసీ ఏం చెప్పిందో, ఓపెన్‌లో చేరడానికి ఏమేం కావాలో, నలభై దాటినవాళ్లు కూడా చేరొచ్చని వివరంగా ఒక్కసారైనా వేయండి. అలాగే మీ క్లాసిఫైడ్స్‌లో ‘రెగ్యులర్ డిగ్రీ వారు మాత్రమే’ అని ఉద్యోగ ప్రకటనలు వస్తున్నాయి, ఆ మాట తీసేయమని ప్రకటన ఇచ్చేవాళ్లకు మీరే చెప్పాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, నల్గొండ