మందు పడకముందే రక్తం తీయాలి

సంపాదకులకు,

కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రులకు జ్వరంతో వచ్చే పిల్లల్లో చాలామందికి అప్పటికే యాంటీబయాటిక్ పడి ఉంటుంది. ఆ తర్వాత తీసిన బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష) క్రిమి తరచూ పెరగదు. దాంతో టైఫాయిడ్ అని తేల్చడానికి రక్తంలోని యాంటీబాడీలను చూసే ఒక్క వైడాల్ పరీక్ష మీదే ఆధారపడుతున్నారు. మొదటి వారంలో అది నెగెటివ్ రావచ్చు, పాత జబ్బు వల్ల పాజిటివూ రావచ్చు.

కల్చర్ సరిగ్గా తీయడం పీజీ విద్యార్థులకు మంచం పక్కన నేర్పాల్సిన పని. పిల్లల బాటిల్‌కు 1 నుంచి 3 మి.లీ. రక్తం కావాలి. అర మిల్లీలీటరుతో సరిపెడితే ఉన్న క్రిమీ దొరకదు. చర్మానికి పోవిడోన్ అయోడిన్ అనే క్రిమిసంహారక మందు రాశాక రెండు నిమిషాలు ఆరనివ్వాలి. తడి మీదే సూది గుచ్చితే చర్మం మీది స్టెఫైలోకాకస్ అనే క్రిమి బాటిల్‌లో పెరిగి, అదే జబ్బుకు కారణమనుకుని బిడ్డకు అనవసరంగా వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కుతుంది. బాటిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. బిడ్డ షాక్‌లో (రక్తప్రసరణ దెబ్బతిన్న ప్రాణాపాయ స్థితి) ఉంటే మాత్రం కల్చర్ కోసం మందు ఆపొద్దు, గంటలోపు పడాల్సిందే.

చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం క్రిమి ఈ కల్చర్‌లో పెరగదు. దాన్ని అనుమానిస్తే చంకలు, గజ్జలు, చెవుల వెనక ఆ కాటు దగ్గర ఏర్పడే నల్లటి పక్కు వెతకాలి.

ఇవన్నీ నేర్పుతూ, ల్యాబ్ ఫలితాలతో ఏటా ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తోందో లెక్క తీసే పిల్లల అంటువ్యాధుల అధ్యాపకుణ్ని ప్రతి బోధనాసుపత్రిలో నియమించాలి. ఒక రోగి నుంచి మొదటి నమూనానే లెక్కించాలి. ఒక్కో క్రిమికి కనీసం 30 నమూనాలు లేనిదే శాతాలు నమ్మలేం.

– పిల్లల వైద్య అధ్యాపకులు, కర్నూలు