ఆ గిల్డును నమ్మి డబ్బు దాస్తారా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఫాంటసీ కథల మీద వచ్చిన వ్యాసం చదివాను. వాటిలో కనిపించే సాహసికుల గిల్డు పాతకాలపు వృత్తి సంఘాలకు అచ్చుగుద్దినట్టు ఉంటుందన్నారు. నాకు మింగుడుపడలేదు. పొందూరు వైపు ఒక చేనేత సంఘంలో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. మనవడి పుణ్యమా అని అలాంటి కథలతో వచ్చే యానిమేలు, అంటే జపాన్ యానిమేషన్ సీరియళ్లు కూడా చూస్తూనే ఉన్నాను.

వాటిలో గిల్డంటే ఏముంది? కౌంటర్లో ఒక అమ్మాయి, గోడ నిండా పనుల కాగితాలు, అట్టడుగు ఎఫ్ నుంచి అన్నిటికంటే పైనుండే ఎస్ దాకా ర్యాంకులు. నిన్న ఊళ్లో దిగినవాడు కూడా పేరు రాయించుకుని కార్డు పట్టుకుపోతాడు. రాక్షసుడి కొమ్ము తెస్తే లెక్కకట్టి ఇస్తారు, పోతే వాడి ఖర్మ. పొద్దున్నే మేస్త్రీలు వచ్చే కూలీల అడ్డాకి పైకప్పు వేసినట్టుంటుంది.

అసలు గిల్డు ఎవర్నిబడితే వాళ్లని రానిచ్చేది కాదు. ఇంగ్లండులో 1563 చట్టం ఏడేళ్ల శిష్యరికం తప్పనిసరి చేసింది. యూరప్‌లో చాలా ఊళ్లలో పనితనం చూపే వస్తువొకటి చేసి పెద్దల చేత ఔననిపించుకుంటేగాని సొంత దుకాణం పెట్టనిచ్చేవారు కాదు. నాసిరకం సరుకైతే జరిమానా. సభ్యుడు పోతే అంత్యక్రియలకీ, భార్యకీ ఆసరా ఇచ్చినవీ ఉన్నాయి.

మన దేశపు పాతకాలం వృత్తి సంఘాలు, అంటే శ్రేణుల సంగతి ఇంకా బాగుంటుంది. నాసిక్ గుహల్లో క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడి శాసనం ఉంది, క్రీ.శ. 1-2 శతాబ్దాల నాటిది. నాసిక్ దగ్గరి గోవర్ధనంలోని నేతగాళ్ల శ్రేణుల దగ్గర 3000 కార్షాపణాలు (ఆనాటి నాణేలు) దాచాడు. 2000కి నెలకు నూటికి ఒకటి వడ్డీ, మిగతా 1000కి ముప్పాతిక. అసలు ముట్టకూడదు. ఆ 2000 మీద వడ్డీతో 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున బట్టల ఖర్చు. పాత అలవాటు కదా, లెక్క వేసి చూశాను. ఏడాది వడ్డీ 240, ఇరవై పన్నెండ్లు 240. పైసా తేడా లేదు.

రాజుగారి అల్లుడు మగ్గం నేసేవాళ్లని అంతలా నమ్మాడంటే ఊరికే కాదు. మా సంఘంలో బట్ట తెస్తే వెలుతురుకు పట్టి చూసేవాళ్లం. పలచబడిన చోట పెద్దాయన వేలు పెట్టి చూపిస్తే నేతగాడు మారుమాట లేకుండా మడిచి పట్టుకుపోయేవాడు. దారిలో తిట్టుకునేవాడనుకోండి.

అలాగని గిల్డులు ధర్మసత్రాలు కావు. కొడుకులకీ అల్లుళ్లకీ తలుపు తీసి బయటివాళ్లకు మూసేవి. 1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ దులిపేశాడు, 1791లో ఫ్రాన్సు రద్దే చేసింది. కానీ కథంతా ఆ మూసిన తలుపు దగ్గరే ఉంది కదా. ఫాంటసీ రాస్తున్న మన కుర్రాళ్లు గిల్డు చేర్చుకోని కత్తుల కమ్మరి గురించో, ఏడేళ్ల శిష్యరికంలో ఆరో ఏడు వదిలి పారిపోయిన పిల్లాడి గురించో రాయొచ్చు. అలాంటి సీరియల్ వేస్తే వారం వారం చదువుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, పొందూరు, శ్రీకాకుళం జిల్లా