వార్షిక నివేదిక: ఈ ఏటి కార్యక్రమాలు, రంభలో పిల్లల పడవ పందేలు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్, రంభల నుంచి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

మన తెలుగు సంఘం ఏటా చేసే కార్యక్రమాలన్నీ ఈసారి కూడా జరిగాయి. ఉగాదికి పంచాంగ శ్రవణం, ఆగస్టు 10న మన బరంపురం బిడ్డ వి.వి.గిరి గారి జయంతి, 29న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి జయంతి, కార్తీకంలో వనభోజనాలు. ఆ వివరాలు రిజిస్టరులో ఉన్నాయి. సంక్రాంతి సెలవుల్లో చిలికా సరస్సులో, రంభ దగ్గర జరిపిన పిల్లల పడవ పందేల గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. ఒక జట్టును పోటీ నుంచి తప్పించడం మీద ఇప్పటికీ కొందరు అసంతృప్తిగా ఉన్నారు కాబట్టి, జరిగింది అందరికీ తెలియాలి.

అంతర్జాతీయ రోయింగ్ (తెడ్లతో నడిపే పడవ పందేల) నిబంధనలను ముందు పెట్టుకుని, మనకు కుదిరేలా మార్చి రాసుకున్నాం. అక్కడ దూరం 2,000 మీటర్లు, ఆరు లేన్లు, ఒక్కో లేను వెడల్పు 13.5 మీటర్లు. మనవి వేటకు వాడే చెక్క పడవలు. రంభ వైపు నీళ్ల లోతు తక్కువ, పొద్దెక్కితే గాలి లేస్తుంది. అందుకే 500 మీటర్లకు, మూడు లేన్లకు సరిపెట్టి, పడవల మధ్య ఎడం బాగా పెంచాం. లేన్ల గుర్తుకు వలలకు కట్టే బెండ్లే వాడాం. మన పిల్లల్లో చాలామంది ఒడియా బడుల్లో చదువుతున్నారు కాబట్టి నిబంధనల కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ వేయించి, ముందు రోజు సాయంత్రం గట్టు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాం.

వయసు విషయంలో రోయింగ్ వాళ్ల లెక్కే పెట్టాం. పద్దెనిమిదేళ్లు నిండే సంవత్సరం డిసెంబరు 31 వరకు జూనియర్, ఆ తర్వాత కాదు. ఆధార్ చూశాకే పేరు రాసుకున్నాం. ఒకరిద్దరిని వెనక్కి పంపాల్సి వచ్చింది, వాళ్ల ఇళ్లలో నొచ్చుకున్నారని తెలుసు. కానీ పదిహేనేళ్ల పిల్లవాడి పక్క లేనులో మీసాలు వచ్చి నాలుగేళ్లయినవాణ్ని కూర్చోబెడితే అది పోటీ అవుతుందా?

ఈత వచ్చని చూపిస్తేనే పడవ ఎక్కనిచ్చాం. లైఫ్ జాకెట్ తప్పనిసరి చేశాం. పడవ బోల్తా పడితే దాన్నే పట్టుకుని ఉండాలి, గట్టు దగ్గరే కదా అని ఈదుకుంటూ రాకూడదు. ఈ మాట గోపాల్‌పూర్ పిల్లలకు రుచించలేదు. సముద్రపు కెరటాల్లో తెప్ప మీద పెరిగినవాళ్లు, చెరువులాంటి నీళ్లలో ఇదంతా ఎందుకన్నారు. అయినా ఒక్కరూ జాకెట్ విప్పలేదు. అసలు రోయింగ్ పడవలకు ముక్కున తెల్లటి రబ్బరు బంతి ఉంటుంది. ఢీకొన్నా ఎదుటివాళ్లకు గుచ్చుకోకుండా అది కాపాడుతుంది, ఎవరు ముందు గీత తాకారో కూడా తేలుస్తుంది. మనం ప్రతి పడవ ముక్కుకూ పాత సైకిల్ ట్యూబు చుట్టి కట్టాం.

ఈ నిబంధనలు ఎంత అవసరమో రెండో రోజు ఫైనల్లో తెలిసింది. ముందున్న పడవ గాలికి పక్క లేనులోకి జరిగింది. అంపైరు వెనక పడవలోంచి తెల్లజెండా ఎత్తి హెచ్చరించారు. చుక్కాని పట్టిన పిల్లవాడు సరిచేయలేకపోయాడు, తెడ్లు కొట్టుకుని వెనక పడవ ఆగిపోయింది. అడ్డం వచ్చినవాళ్లే ముందుగా గీత దాటారు. దెబ్బతిన్న జట్టు అరవలేదు, తిట్టలేదు. నిబంధనలో ఉన్నట్టు పడవలో కూర్చునే చెయ్యి ఎత్తారు. అంపైరు ఎర్రజెండా చూపించి, అభ్యంతరం విని, మొదటి జట్టును తప్పించారు. మిగిలిన రెండు జట్లకూ మళ్లీ పందెం పెట్టారు.

గట్టు మీద గొడవ మొదలైంది అప్పుడే. ‘మన పిల్లలే కదా, చూసీ చూడనట్టు పోవచ్చుగా’ అని సంఘంలోని పెద్దలే అన్నారు. నిర్ణయం మీద ఫిర్యాదు ఉంటే గంటలోగా రాసి ఇవ్వమని చెప్పాం. ఎవరూ ఇవ్వలేదు, ఫోన్లు మాత్రం రాత్రి దాకా వచ్చాయి. తప్పించిన పిల్లలేమో అవతలి జట్టు పడవను గట్టుకు లాగడానికి నడుములోతు నీళ్లలోకి దిగారు. సంఘం తరఫున ఆ అయిదుగురికీ ఈ సభలో చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను.

బయటినుంచి మైకులోగానీ ఫోనులోగానీ పిల్లలకు సూచనలు ఇవ్వకూడదు. రోయింగ్‌లోనూ ఇదే రూలు. అయినా ఇద్దరు తండ్రులు మైకు తెచ్చారు. పైగా అది చలికాలం, దూరదేశాల పక్షులు చిలికాకు వచ్చే కాలం. 1981 నుంచి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే గుర్తింపు, ఉన్న సరస్సు అది. టపాకాయలు, డీజే వద్దని ముందే తీర్మానించుకున్నది అందుకే.

పడవలు ఇచ్చిన రంభ మత్స్యకార కుటుంబాలకు, అంపైరుగా నిలబడిన మన నేవీ రిటైర్డు సభ్యుడికి, తెల్లవారుజామునే ఉప్మా, పులిహోర సిద్ధం చేసిన మహిళా విభాగానికి, టెంటు కిరాయిలో సగం తగ్గించిన షాపు యజమానికి, బహుమతులిచ్చిన దాతలకు ధన్యవాదాలు. రెండు రోజులూ ప్రథమ చికిత్స పెట్టె దగ్గర నుంచి కదలని నర్సు అమ్మాయికి ప్రత్యేకంగా.

ఒక బాధ కూడా చెప్పాలి. వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్లలో సగం మంది రాలేదు. కొందరు ఫొటోల వేళకు వచ్చి, బ్యాడ్జీ పెట్టుకుని వెళ్లారు. లేను గుర్తులు పాతడానికి మనుషుల్లేక పోటీకి వచ్చిన పిల్లలనే నీళ్లలోకి దింపాం. రక్షణ పడవ కోసం ఒక కార్యాలయానికి మూడు నెలల ముందే అర్జీ పెట్టాం. ఫైలు పైకి వెళ్లిందన్నారు, కిందికి రాలేదు. చివరికి సొంత డబ్బుతో మోటారు పడవ మాట్లాడుకున్నాం. ఆ రెండు రోజులు కార్యవర్గం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

జమాఖర్చులు ఆడిటరు చూశారు, పట్టిక చివరి పేజీలో ఉంది. మోటారు పడవ కిరాయి వల్ల కొద్దిగా లోటు వచ్చింది, కోశాధికారి వివరిస్తారు.

సభ ఆమోదానికి రెండు తీర్మానాలు పెడుతున్నాం. వచ్చే ఏడాది నుంచి నిబంధనల కాగితం మీద పిల్లలతో పాటు తల్లిదండ్రులూ సంతకం చేయాలి. అంపైరు నిర్ణయం మీద కార్యవర్గంతో సహా ఎవరూ సిఫారసు చేయకూడదు. వాలంటీర్ల జాబితా గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. రెండు రోజులూ పూర్తిగా ఉండగలిగినవాళ్లు మాత్రమే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి