పప్పుల పొడి ముడి ఎవరిదో చెప్పండమ్మా

అందరికీ నమస్కారం. కనుమ కూడా అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయి, ఇల్లు కాస్త నెమ్మదించింది. నాలుగు నెలలుగా రాద్దాం రాద్దాం అనుకుంటూ వాయిదా వేస్తున్నది ఇవాళ కూర్చుని రాసేస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది. ఒక చేత్తో మా చిన్నదానికి పెరుగన్నం పెడుతూ రాస్తున్నా కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మాది విజయవాడ సింగ్ నగర్, కింది వాటా. ఈ మాట చెప్పగానే ఎవరైనా "అయ్యో" అంటారు, అందుకని వరద కథంతా మళ్లీ చెప్పను, టీవీల్లో మీరే చూశారు. బుడమేరు వాగు కట్టకి కవులూరు దగ్గర గండ్లు పడటం, అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారడం, మధ్యలో మేము. నేను చెప్పాలనుకున్నది ఆ రోజుల్లో మా నోటికి నాలుగు మెతుకులు ఎవరి చేతుల మీదుగా అందాయో అది. వాళ్లలో కొందరి పేర్లు కూడా నాకు తెలియవు. తెలిసినవాళ్ల పేర్లు రాస్తే మొహమాటపడతారు, వరసలతోనే చెప్తాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ముందురోజంతా ఒకటే వాన. పిల్లలకి సెలవు కదా, పొద్దున్నే వేడివేడిగా ఇడ్లీ వేద్దామని శనివారం రాత్రి పిండి కలిపి పెట్టుకున్నాను. తెల్లారి లేచేసరికి ముందు బాత్‌రూమ్ తూములోంచి గుడగుడమని నీళ్లు పైకి తన్నడం మొదలైంది. గుడ్డలు కుక్కాం. ఇంతలో వీధి గుమ్మంలోంచి కూడా వచ్చేశాయి, చూస్తుండగానే మోకాళ్ల దాకా. మా వారు గ్యాస్ సిలిండర్ భుజాన వేసుకుని పైకెక్కారు, మా అత్తయ్యగారు దేవుడి గూట్లో వెండి కుంది కొంగున కట్టుకున్నారు, ఏడో తరగతి చదివే మా వాడు పుస్తకాల సంచీ వదిలేసి క్రికెట్ బ్యాట్ పట్టుకున్నాడు. నేనేమో చిన్నదాన్ని చంకనేసుకుని రెండో చేత్తో ఇడ్లీ పిండి గిన్నె పట్టుకుని మెట్లెక్కాను. బీరువాలో నా గాజులు బీరువాలోనే ఉన్నాయి, పిండి మాత్రం పైకొచ్చింది. దీనికి మా ఇంట్లో ఇప్పటికీ నన్ను ఏడిపిస్తారు.

కానీ ఆ పిండే ఆ పూట పదిహేడు మందికి తిండయింది. పైవాటాలో ఇంటివాళ్లు ఉంటారు, పిన్నిగారు, బాబాయిగారు, ఇద్దరికీ అరవై అయిదు దాటాయి. వెనకింటి రెండు కుటుంబాలు కూడా వాళ్ల దగ్గరికే వచ్చేశాయి. నేను ఇడ్లీ రేకులు అడిగితే పిన్నిగారు "ఆవిరికి నీళ్లెందుకు దండగ, దిబ్బరొట్టె వేసేద్దాం" అన్నారు. కరెంటు లేదు, మోటారు లేదు, పైన ట్యాంకులో ఉన్న సగం నీళ్లే దిక్కు, ఎన్నాళ్లకో తెలియదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. పిండిలో ఇంకో రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, కాస్త జీలకర్ర, ఉప్పు కలిపి, మందపాటి మూకుడులో నూనె రాసి, అంగుళం మందాన పోసి, మూతపెట్టి సన్న సెగ మీద వదిలేశారు. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా, ఒక్కో రొట్టె నలుగురికి. చట్నీ లేదు, ఉల్లిపాయ ముక్క నంజుకున్నాం.

పిన్నిగారూ, మీకు ఎదురుగా థాంక్స్ చెప్పబోతే "ఊరుకోమ్మా" అంటారని ఇక్కడ రాస్తున్నా, మీ అబ్బాయి చదివి వినిపిస్తాడుగా. నాలుగు రోజులు మీ బియ్యం, మీ పప్పు, మీ మంచాలు. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీళ్లు, జీలకర్ర, ఉప్పు, కుక్కర్లో నాలుగు విజిల్స్, ఆ పులగమే రెండు పూటలా. కూర అక్కర్లేదు, గిన్నెలు ఎక్కువ కావు, కడగడానికి నీళ్లు ఖర్చు కావు. అందరూ తిన్నాక మూకుడు అడుగు గోకి మీరు తినడం నేను చూశాను పిన్నిగారూ. చూడలేదనుకున్నారు.

సోమవారం సాయంత్రానికి చిన్నదానికి పాలు అయిపోయాయి. నాలుగేళ్ల పిల్ల, దానికి ఎంత చెప్తే మాత్రం ఏం అర్థమవుతుంది. హెలికాప్టర్ చప్పుడు, డ్రోన్ల చప్పుడు వినపడుతూనే ఉంది, డాబా మీదికెక్కి చీర కొంగు ఊపాం. మా సందు సన్నం, అందరికంటే లోపలికి. చివరికి ఒక పడవ వచ్చింది. నలుగురు కుర్రాళ్లు, బందరు వైపు నుంచి వచ్చామన్నారు, చేపలు పట్టేవాళ్లట. పడవ సందులోకి తిరగకపోతే ఒకబ్బాయి గొంతు లోతు నీళ్లలోకి దిగి, పాల ప్యాకెట్ల సంచీ నెత్తిన పెట్టుకుని గోడ పట్టుకుంటూ వచ్చాడు. మేము బకెట్‌కి తాడు కట్టి దించాం. "అక్కా, పాప ఉందా, రెండు ఎక్కువ వేశా" అన్నాడు. ఆ నీళ్లలో ఏమేం తేలుతున్నాయో నేను చెప్పక్కర్లేదు. పేరు అడిగేలోపే వెళ్లిపోయాడు. మెడలో తాయెత్తు, ఎడం చెవికి పోగు, అంతే గుర్తు. ఎవరైనా అటువైపు వాళ్లు ఇది చదువుతుంటే ఆ అబ్బాయికి చేరేయండి, సింగ్ నగర్ అక్క అడిగిందని చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. మంగళవారం మధ్యాహ్నం ఇంకో పడవలో పులిహోర పొట్లాలు వచ్చాయి. ఎక్కడ వండారో, ఎవరు పంపారో తెలియదు, కవరు మీద పేరూ లేదు ఊరూ లేదు. విప్పగానే నాకు ఒకటి అర్థమైంది, అది ఇల్లు నడిపే మనిషి చేసిన పులిహోర. కొబ్బరి లేదు, ఉల్లి లేదు, చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడికించి కలిపారు, పల్లీలు కూడా లేవు, శనగపప్పే. అంటే మర్నాటికి కూడా పాడవకూడదని ఆలోచించి చేశారన్నమాట. మేము నిజంగానే కొంత దాచి బుధవారం పొద్దున తిన్నాం, వాసన రాలేదు.

ఆ పొట్లంలో ఒక మూల, చిన్న పాలిథిన్ కవరు ముడి ఒకటి ఉంది. పప్పుల పొడి. మామూలుగా మనం వేసే ఎండుమిర్చి, వెల్లుల్లి లేకుండా, పుట్నాలు, జీలకర్ర, ఉప్పు, నాలుక్కి తగిలీ తగలనట్టు కాస్త పంచదార. ముడిలో మడిచిన చిన్న కాగితం, చదరాల లెక్కల పుస్తకంలోంచి చింపింది, నీలం స్కెచ్ పెన్నుతో "పిల్లలకి. కారం లేదు" అని. రెండు రోజులుగా మా చిన్నది బిస్కెట్లు తప్ప ఏదీ ముట్టలేదు. పిన్నిగారు ఇంత తెల్లన్నం వండితే ఈ పొడి, చుక్క నెయ్యి వేసి కలిపి పెట్టాను. ఒక ముద్ద తిని ఆగింది. నాకు గుండె ఆగింది. తర్వాత "ఇంకా" అని నోరు తెరిచింది. అప్పటిదాకా కన్నీళ్లు రాలేదు నాకు, సామాను మునిగినా రాలేదు. అప్పుడొచ్చాయి.

ఎన్ని వందల పొట్లాలు కట్టారో, అన్నిట్లోనూ ఈ ముడి వేశారో మాదాంట్లోనే పడిందో. పక్కవాళ్ల పొట్లాల్లో లేదు మరి. ఎవరమ్మా మీరు?

బుధవారం పడవలో సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఆటో, బస్సు మారి తెనాలిలో మా వదినగారింటికి చేరాం. మా వారి అక్కగారు. వదినగారి గురించి ఎక్కువ రాస్తే ఆవిడ ఫోన్ చేసి తిడతారు కాబట్టి ఒక్కటే చెప్తా. శనివారం, ఏడో తారీఖు వినాయక చవితి. నాకు పండగ చేసే మనసు లేదు, మావి వద్దులెండి అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, గ్లాసు బియ్యపు రవ్వ, గుప్పెడు నానిన శనగపప్పు నా ముందు పెట్టి "రెండు గ్లాసుల నీళ్లు మరిగించు, ఉండ్రాళ్లు నువ్వే చుట్టాలి, నా చేతులు నొప్పి" అన్నారు. చేతి నొప్పీ లేదు ఏమీ లేదు. ఇరవై ఒక్క ఉండ్రాళ్లు చుట్టాను. బుడమేరు మూడో గండి పూడ్చేశారని కబురు వచ్చింది కూడా ఆ రోజే.

ఇల్లు కడగడం అనేది ఒక పెద్ద పర్వం. ఫైరింజన్‌తో వీధి, గుమ్మం కడిగారు, వేరే ఊళ్ల మున్సిపాలిటీల నుంచి వచ్చిన పారిశుధ్య కార్మికులు మా సందులో బురద ఎత్తారు. వాళ్లకి అప్పుడు టీ కూడా ఇవ్వలేకపోయాను, స్టవ్వే లేదు. ఫ్రిజ్జు వెల్లకిలా తేలి ఇంకో గదిలోకి వెళ్లింది. పోతే పోయాయి, నాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఆవకాయ జాడీ. మే నెలలో యాభై కాయలు కొట్టించి, ఏడాదికని పెట్టింది. మూతకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది, తీసి చూస్తే పైన బురద నీళ్లు, కింద కారం. దాన్ని కాలవలో పోసేటప్పుడు మా అత్తయ్యగారు మొహం తిప్పుకున్నారు.

ఈ మాట ఆడవాళ్ల గ్రూపులో మాటవరసకి రాశాను. మీరు నమ్మరు, పదిహేను రోజుల్లో తొమ్మిది ఆవకాయ సీసాలు వచ్చాయి! గుంటూరు కారం, నూజివీడు ముక్క, ఒకరిది బెల్లం ఆవకాయ, హైదరాబాద్ నుంచి ఒకావిడ అల్లం వెల్లుల్లి వేసింది పంపారు, ఒక ఇంటి రుచి ఇంకో ఇంటికి రాదు. తొమ్మిది మందికీ పేరుపేరునా విడిగా మెసేజ్ పెట్టాను కానీ అందరి ముందూ చెప్పాలి కదా. సీసాలు కడిగి ఉంచాను, తీసుకెళ్లండి. (పెసర ఆవకాయ పంపినావిడా, కొలత చెప్పండి, మా వారు రోజూ అడుగుతున్నారు.)

కింది అంతస్తు మునిగినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చిన పాతికవేలతో స్టవ్వు, పరుపులు, ఫ్రిజ్జు రిపేరు అయ్యాయి. మా వాడి నోట్సులన్నీ తడిసి ముద్దయితే వాడి క్లాసు పిల్లల అమ్మలు ముగ్గురు సబ్జెక్టులు పంచుకుని, పిల్లల చేత కొంత, తాము కొంత రాసి పంపారు. సోషల్ నోట్సులో అక్షరాలు మా వాడి టీచర్ కంటే బావున్నాయి.

సాయం చేసేవాళ్లకి ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. చిరిగిన చీరలు, జిప్పు పోయిన ప్యాంట్లు మూటలు కట్టి పంపితే అవి ఏరి పారేయడం మళ్లీ మాకే పని. ఒకరైతే బియ్యం సంచీ చేతిలో పెట్టి ఫొటో సరిగా రాలేదని మళ్లీ వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు, మా అత్తయ్యగారు ఆ ఫొటోలో కట్టుకున్న చీరని అప్పట్నుంచి కట్టుకోవడం మానేశారు. అదే రోజు ఒకమ్మాయి, కాలేజీ పిల్లలా ఉంది, నల్ల కవరు చేతిలో పెట్టి గబుక్కున వెళ్లిపోయింది. విప్పితే ప్యాడ్లు, రెండు కొత్త లంగాలు, పిల్లల డ్రాయర్లు, ఓడోమాస్, కొవ్వొత్తులు. కావలసినవి అవీ. తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి.

ఇక పండగ. ఏటా సంక్రాంతికి అరిసెలు చేసి మా సందు ఊడ్చే ఇద్దరమ్మాయిలకి, పాలబ్బాయికి, గ్యాస్ అబ్బాయికి ఇవ్వడం మా అత్తయ్యగారు పెట్టిన అలవాటు. ఈసారి చెయ్యలేమనుకున్నాం. అరిసెల చెక్కలు నీళ్లలో నాని ఉబ్బి వంకర్లు తిరిగాయి. అయినా పిన్నిగారు, నేను, వెనకింటి ఇద్దరూ కలిసి నాలుగు కిలోల బియ్యం నానబోశాం. ఒకటిన్నర రోజు, నీళ్లు మారుస్తూ. వాడ్చి, తడి ఆరకుండానే మర పట్టించి, పిండి ఆరిపోకుండా అదిమిపెట్టి ఉంచాం. కిలోకి ముప్పావు కిలో బెల్లం. మొదటి వాయి పాకం లేతగా దించేశాను, అరిసె నూనెలో వేయగానే విచ్చుకుపోయి ముక్కలైంది, మా వాడు "వరదలో కొట్టుకుపోయింది" అన్నాడు, అందరం నవ్వాం. రెండో వాయికి పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే మెత్తగా ఉండ కట్టేదాకా ఆగాం, నువ్వులు అద్దాం. చెక్కలు లేవుగా, రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నూనె వత్తాం. కొంచెం వంకరగా ఉన్నాయి కానీ రుచి కుదిరింది. భోగి నాడు చిన్నదానికి భోగిపళ్లు పోస్తే పోసిన రేగుపళ్లు ఏరుకుని అదే తినేసింది.

ఊడ్చే అమ్మాయిలకి ఇచ్చేటప్పుడు, బురద ఎత్తడానికి అప్పుడు వచ్చినవాళ్లలో ఎవరైనా తెలుసా అని అడిగి ఒక సంచీ ఎక్కువ ఇచ్చాను. ఒకమ్మాయి వాళ్ల బావ గుంటూరు నుంచి వచ్చాడట, పంపిస్తానంది.

ఇంకో డబ్బా మిగిల్చి పెట్టాను. పాతిక అరిసెలు, మూత మీద ఆ చదరాల కాగితమే అంటించాను, ఇన్నాళ్లూ పర్సులో దాచుకున్నది. పప్పుల పొడి కట్టిన చెయ్యి మీదే అయితే, లేదా నీలం స్కెచ్ పెన్ను మీ ఇంటి పిల్లలదైతే, కింద ఒక్క ముక్క రాయండి, ఎక్కడున్నా తెచ్చి ఇస్తాం. అరిసెలు ఇరవై రోజుల దాకా ఉంటాయి. మా వాడు రోజూ ఆ డబ్బా చుట్టూ తిరుగుతున్నాడు, కాస్త తొందరగా చెప్పండి.